పసుపు మెదడును కాపాడుతుందని రైతుకు చెప్పవచ్చునా?

కొంతకాలం క్రితం పసుపు పండించే ఒక గ్రామంలో జరిగిన రైతు సదస్సులో నేను ప్రసంగించవలసి వచ్చింది. విత్తన కొమ్ముల ఎంపిక, దుంపకుళ్ళు నివారణ, ఉడికించే పద్ధతులు వివరించిన తరువాత, తాము పండించే పంట విలువను రైతులకు గుర్తుచేయాలన్న ఉత్సాహంతో ఒక వాక్యం జోడించాను. పసుపులోని కుర్కుమిన్ మెదడులోని శోథను తగ్గించి మతిమరుపు వ్యాధిని నివారిస్తుందని శాస్త్రవేత్తలు కనుగొన్నారన్నది ఆ వాక్యం. సభ ముగిశాక ఒక రైతు నా వద్దకు వచ్చి, "సార్, మా అమ్మకు రెండేండ్ల సంది మతి నిలుస్తలేదు. పట్నంల డాక్టరు గోలీలు రాసిండు. మన పసుపే పనిచేస్తదంటే ఆ గోలీలు ఆపి పాలల్ల పసుపు ఎక్కువ కలిపి ఇస్తా. రోజుకు ఎంత ఇయ్యమంటరు?" అని అడిగాడు.

గోలీలు ఆపవద్దని, వైద్యుణ్ణి అడగకుండా ఏమీ మార్చవద్దని మాత్రం చెప్పగలిగాను. "ఎంత" అన్న ప్రశ్నకు నా వద్ద సమాధానం లేదు. మోతాదు తెలియని మందును వందమంది ఎదుట సిఫారసు చేశానన్న సంగతి అప్పుడు గాని నాకు స్ఫురించలేదు. ఇంటికి వచ్చి ఆ ఒక్క వాక్యానికి ఆధారమైన పరిశోధనలను మొదటినుండి చదివాను. అందులో నాకు కనిపించినదేమిటో, దానినిబట్టి విస్తరణ రంగంలో పనిచేసే మనం ఏమి చెప్పాలో, ఏమి చెప్పరాదో నా అభిప్రాయాన్ని సహ శాస్త్రవేత్తల ముందు, విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెదడులో శోథ అనగా ఏమి?

కాలికి ముల్లు గుచ్చుకున్నచోట ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పుట్టడం అందరికీ తెలిసినదే. శరీరం తనను తాను రక్షించుకొనే ఈ ప్రక్రియనే శోథ అంటారు. మెదడులో ఈ పనికి ప్రత్యేకించిన కణాలు ఉన్నాయి. స్పెయిన్ దేశానికి చెందిన పియో దెల్ రియో ఒర్తేగా 1919లో వీటిని విడిగా గుర్తించి మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. ఇవి నిరంతరం తమ శాఖలను కదిలిస్తూ చుట్టుపక్కల గమనిస్తుంటాయి. చనిపోయిన కణాల శకలాలను, సూక్ష్మజీవులను మింగి శుభ్రపరుస్తాయి.

ప్రమాదాన్ని పసిగట్టినప్పుడు ఈ కణాల లోపల ఎన్‌ఎఫ్-కప్పా బి అనే ప్రోటీను కేంద్రకంలోకి చేరి కొన్ని జన్యువులను మేల్కొల్పుతుంది. ఫలితంగా టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి సంకేత ప్రోటీన్లు, చురుకైన ఆక్సిజన్ అణువులు విడుదలవుతాయి. కొద్దికాలం జరిగితే ఇది రక్షణ. ఏళ్ళ తరబడి ఆరకుండా సాగితే మాత్రం పొరుగున ఉన్న నాడీకణాలే దెబ్బతింటాయి. అడవి పందులను బెదరగొట్టడానికి కాపలాదారు గట్టున పెట్టిన మంట తెల్లవారినా ఆరకపోతే చివరికి చేనే కాలుతుంది. ఆల్జీమర్స్, పార్కిన్సన్ వంటి వ్యాధులలో ఇటువంటి ఆరని మంట ఒక భాగమని నేడు విస్తృతంగా అంగీకరిస్తున్నారు. అయితే అది వ్యాధికి ఎంతవరకు కారణం, ఎంతవరకు పర్యవసానం అన్న చర్చ మాత్రం ఇంకా తెగలేదు.

ప్రయోగశాలలో పసుపు సాధించినది

ఈ మంటను చల్లార్చగల మొక్కల పదార్థాలలో అన్నిటికన్నా ఎక్కువగా పరీక్షకు గురైనది కుర్కుమిన్. దీనిని పసుపునుండి 1815లో వేరుచేశారు. దాని నిర్మాణం 1910లో తేలింది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థకు చెందిన శ్రీమాల్, ధావన్‌లు 1973లోనే దీనికి శోథను తగ్గించే గుణం ఉన్నదని జంతు ప్రయోగాలతో చూపారు. 1995లో ఇది ఎన్‌ఎఫ్-కప్పా బి చర్యను అడ్డుకుంటుందని వెల్లడైంది. కణాలలో సహజ రక్షణ ఎంజైముల ఉత్పత్తిని పెంచే ఎన్‌ఆర్‌ఎఫ్-2 అనే మరో ప్రోటీనును ఇది ప్రేరేపిస్తుందని కూడా తరువాతి పరిశోధనలు తెలిపాయి.

2001లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం ఆల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా జన్యుమార్పిడి చేసిన చుంచెలుకలకు ఆహారంలో కుర్కుమిన్ కలిపి పెట్టింది. వాటి మెదడులో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా తగ్గింది. తక్కువ మోతాదు ఇచ్చిన వాటిలో అమైలాయిడ్ ఫలకాలు సుమారు సగానికి తగ్గాయి. గమనించవలసిన విషయమేమంటే, దానికి ముప్పై రెట్లు ఎక్కువ మోతాదు ఇచ్చినప్పుడు ఫలకాలలో అటువంటి తగ్గుదల కనిపించలేదు. ఎక్కువ ఇస్తే ఎక్కువ మేలు అన్న లెక్క ఎలుకలోనే పనిచేయలేదు.

జనాభా అధ్యయనాలు కూడా ఆశను పెంచాయి. హర్యానాలోని బల్లబ్‌గఢ్ ప్రాంత గ్రామాలలో ఆల్జీమర్స్ వ్యాధి అమెరికాతో పోలిస్తే చాలా తక్కువగా ఉన్నదని భారత, అమెరికా శాస్త్రవేత్తల సంయుక్త అధ్యయనం తెలిపింది. సింగపూరులో 60 నుండి 93 ఏళ్ళ వయసుగల 1,010 మందిపై జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, కూరలలో పసుపు మసాలా తరచుగా తినేవారికి జ్ఞాపకశక్తి పరీక్షలో మెరుగైన మార్కులు వచ్చాయి. ఈ రెండింటిని కలిపి, భారతీయులకు మతిమరుపు రాకపోవడానికి పసుపే కారణమన్న మాట ప్రచారంలోకి వచ్చింది. నేను సదస్సులో చెప్పిన వాక్యం పుట్టిల్లు ఇదే.

అయితే పసుపు తినని ఇల్లు లేని మన దేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మంది, అనగా సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో బాధపడుతున్నారని 2023లో ప్రచురితమైన జాతీయస్థాయి అంచనా తెలిపింది. వారందరూ పసుపు తిన్నవారే. పల్లెలో వ్యాధి తక్కువగా కనిపించడానికి ఆయుఃప్రమాణం, శ్రమజీవనం, వ్యాధి గుర్తింపులో లోపం, వ్యాధిగ్రస్తులు త్వరగా మరణించడం వంటి అనేక కారణాలు ఉండవచ్చును. రెండు విషయాలు ఒకేచోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదని మనం విద్యార్థులకు మొదటి ఏడాది గణాంక శాస్త్రంలోనే బోధిస్తున్నాము.

మనుషులలో పరీక్షించినప్పుడు

ఆశ కలిగించిన పదార్థాన్ని రోగులపై, నియంత్రిత పద్ధతిలో, ఎవరికి ఏది ఇచ్చారో ఇరుపక్షాలకూ తెలియకుండా పరీక్షించినప్పుడే అసలు సంగతి తేలుతుంది. హాంకాంగ్‌లో 34 మంది ఆల్జీమర్స్ రోగులకు ఆరు నెలలపాటు రోజుకు 1 గ్రాము లేదా 4 గ్రాముల కుర్కుమిన్, లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2008లో వెలువడిన ఆ ఫలితాలలో వ్యాధి గమనంలో తేడా కనిపించలేదు. అమెరికాలో 36 మంది రోగులకు 24 వారాలపాటు రోజుకు 2 గ్రాములు లేదా 4 గ్రాములు ఇచ్చి 2012లో ప్రకటించిన ఫలితాలూ అంతే. ఆస్ట్రేలియాలో 96 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులపై ఏడాదిపాటు జరిపిన ప్రయోగంలో ఆరవ నెల వద్ద ఒక పరీక్షలో స్వల్ప భేదం తప్ప, మిగతా కొలతలలో చెప్పుకోదగిన ప్రయోజనం లేదు.

వీటికి భిన్నమైనది 2018లో ప్రచురితమైన మరో అమెరికా ప్రయోగం. శరీరం సులభంగా గ్రహించేలా సూక్ష్మకణాలుగా తయారుచేసిన కుర్కుమిన్‌ను 90 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 18 నెలలపాటు, డిమెన్షియా లేని 40 మందికి జరిపిన ఈ పరీక్షలో జ్ఞాపకశక్తి కొంత మెరుగుపడింది. ఇది ఆశాజనకమే. కాని నలభై మందిలో, రెండు వర్గాలుగా విభజించి చేసిన ఒక్క ప్రయోగం మీద దేశమంతటికీ సిఫారసు చేయలేము. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తల బృందం ఒకటి అప్పటివరకు జరిగిన 120కి పైగా కుర్కుమిన్ క్లినికల్ ప్రయోగాలను సమీక్షించి, ఏ వ్యాధి విషయంలోనూ నియంత్రిత పరీక్షలో స్పష్టంగా విజయం సాధించినది ఒక్కటీ లేదని తేల్చిచెప్పింది. కుర్కుమిన్ తానుగా వెలుగును వెదజల్లడం, అనేక ప్రోటీన్లతో విచక్షణ లేకుండా చర్య జరపడం వలన ప్రయోగశాల పరీక్షలలో లేని ప్రభావం ఉన్నట్లు భ్రమ కలిగించగలదని కూడా హెచ్చరించింది. ఈ రంగంలో ప్రసిద్ధమైన కొన్ని పత్రాలను చిత్రాలలో అవకతవకల కారణంగా పత్రికలు ఉపసంహరించుకొన్న సంగతిని కూడా విద్యార్థులు మరువరాదు.

కుర్కుమిన్ ఒక్కటే ఇలా నిరాశపరచలేదు. కీళ్ళవాతానికి శోథనివారక మాత్రలు దీర్ఘకాలం వాడినవారిలో ఆల్జీమర్స్ తక్కువగా ఉన్నదని గమనించి, నాప్రాక్సెన్, సెలెకాక్సిబ్ మాత్రలతో అమెరికాలో పెద్ద నివారణ ప్రయోగం చేపట్టారు. గుండెకు ముప్పు ఉన్నదన్న ఆందోళనతో 2004లో మందులు ఆపివేశారు. నివారణ ప్రయోజనమూ రుజువు కాలేదు. శోథను తగ్గించడంలో పసుపుకన్నా ఎన్నో రెట్లు బలమైన మందులే మెదడు విషయంలో ఫలించనప్పుడు, వంటింటి డబ్బాలోని చిటికెడు పొడి ఫలిస్తుందని చెప్పడానికి మరింత గట్టి ఆధారం కావాలి.

పాలలో పసుపు: ఒక లెక్క

ఆ రైతు అడిగిన "ఎంత" అన్న ప్రశ్నకు లెక్క వేసి చూద్దాము. మన మార్కెట్లలోని సాధారణ పసుపులో 3 శాతం కుర్కుమిన్ ఉన్నదనుకొంటే, 3 గ్రాముల చెంచాడు పొడిలో అది 90 మిల్లీగ్రాములు. రోగులపై విఫలమైన ప్రయోగాలలో ఇచ్చిన 2 నుండి 4 గ్రాముల కుర్కుమిన్ పొందాలంటే రోజుకు సుమారు 65 నుండి 130 గ్రాముల పసుపు తినాలి. ఏ ఇంటిలోనూ అది సాధ్యం కాదు. సాధ్యమైనా మంచిది కాదు.

తిన్నది రక్తంలోకి చేరడం మరో సమస్య. పైన చెప్పిన 2012 నాటి ప్రయోగంలో గ్రాముల కొద్దీ కుర్కుమిన్ మింగినవారి రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 7 నానోగ్రాములే కనిపించింది. కణాలపై ప్రయోగాలలో సాధారణంగా వాడే 5 నుండి 10 మైక్రోమోలార్ గాఢతతో పోలిస్తే ఇది 250 నుండి 500 రెట్లు తక్కువ. పేగులో సరిగా ఇంకకపోవడం, కాలేయంలో వెంటనే మార్పు చెందడం, రక్తపు క్షారస్థితిలో నిమిషాల వ్యవధిలో విచ్ఛిన్నం కావడం ఇందుకు కారణాలు. ఆపైన రక్తానికి, మెదడుకు మధ్య ఉన్న అవరోధాన్ని దాటవలసి ఉన్నది. వంటలో కూడా నష్టం ఉన్నది. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వేడివలన 27 నుండి 53 శాతం వరకు కుర్కుమిన్ నశిస్తుందని, ప్రెషర్ కుక్కర్‌లో ఈ నష్టం అత్యధికమని చూపారు.

మిరియాలతో కలిపితే ఈ ఇబ్బంది తొలగుతుందని కొందరు అంటారు. బెంగళూరు శాస్త్రవేత్తలు 1998లో 2 గ్రాముల కుర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ జోడించినప్పుడు రక్తంలో దాని లభ్యత 20 రెట్లు పెరిగినట్లు చూపిన మాట నిజం. అయితే పైపరిన్ ఈ పనిని చేసేది కాలేయం పదార్థాలను మార్చి బయటకు పంపే ప్రక్రియను మందగింపజేయడం ద్వారానే. అదే కాలేయం రోగి వాడే ఇతర మందులను కూడా సంబాళించాలి. ఇటలీలో 2019లో పసుపు సారపు మాత్రలు వాడినవారిలో కాలేయ వాపు కేసులు బయటపడగా అక్కడి ప్రభుత్వం హెచ్చరికలు జారీచేసింది. అమెరికాలోనూ ఇటువంటి కేసులు నమోదయ్యాయి. వాటిలో కొన్ని మిరియాల సారం కలిపిన మాత్రలవి. కూరలోని పసుపు తరతరాలుగా మనకు సురక్షితమైన ఆహారం. ఆ సురక్షితత్వాన్ని గాఢమైన మాత్రకు అంటగట్టడం తప్పు.

మొక్కలు మెదడుకు పనికిరావా?

పనికివస్తాయి. అందుకు సాక్ష్యం ఆల్జీమర్స్ చికిత్సలో నేడు వాడుతున్న గాలంటమిన్. స్నోడ్రాప్ అనే చిన్న దుంపజాతి పూలమొక్కలో లభించే ఈ ఆల్కలాయిడ్‌ను దశాబ్దాలపాటు శుద్ధిచేసి, మోతాదు నిర్ణయించి, వేలమందిపై పరీక్షించిన తరువాత 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. ఇది వ్యాధిని నయం చేయదు; లక్షణాలను కొంతమేరకు అదుపుచేస్తుంది. అంతవరకే దానిని గురించి చెబుతారు.

మన పొలం గట్ల మీద పెరిగే దూలగొండి మరో సాక్ష్యం. దాని గింజలలో సహజంగా ఉండే లెవోడోపా పార్కిన్సన్ వ్యాధికి ప్రధానమైన మందు. దూలగొండి గింజల పొడిని లండన్‌లో ఎనిమిదిమంది పార్కిన్సన్ రోగులపై పరీక్షించగా మంచి ఫలితం కనిపించిందని 2004లో ప్రచురించారు. ఇక్కడ పదార్థం ఏమిటో, అది మెదడులో ఏమి చేస్తుందో, ఎంత ఇస్తే ఎంత ప్రభావమో తెలుసు. అయినప్పటికీ గింజలను ఇంట్లో దంచి తాగమని ఏ వైద్యుడూ చెప్పడు. గింజ గింజకు లెవోడోపా పరిమాణం మారుతుంది కనుక. మొక్కనుండి మందుకు దారి ఉన్నది, కాని అది పొడవైన దారి. అడ్డదారి చూపడం మన పని కాదు.

వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఈ మాట కొత్త కాదు. కుండీలో బాగా పెరిగినంత మాత్రాన ఒక వంగడాన్ని మనం విడుదల చేయము. పరిశోధన స్థానంలో పరీక్షిస్తాము, వివిధ ప్రాంతాలలో పరీక్షిస్తాము, మినీకిట్ల రూపంలో రైతుల పొలాలలో చూస్తాము. ఆ తరువాతనే విడుదల కమిటీ ముందుకు వెళ్తాము. కణాలపై ప్రయోగం కుండీ వంటిది, ఎలుకపై ప్రయోగం పరిశోధన స్థానపు మడి వంటిది. కుర్కుమిన్ ఇంకా మినీకిట్ దశలోనే తడబడుతున్నది. వరి వంగడానికి మనం పెట్టుకొన్న నియమం మనిషి మెదడు విషయంలో సడలించడం న్యాయమా?

మెదడును నిజంగా కాపాడగల పని

ఇంతవరకు చెప్పినది నిరుత్సాహపరచేదిగా తోచవచ్చు. కాని పసుపు విషయంలో మెదడు కణాలను నిశ్చయంగా కాపాడగల పని ఒకటి మన చేతుల్లోనే ఉన్నది. అది సీసాన్ని పసుపులోనికి రానీయకపోవడం.

లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చని రంగు పదార్థాన్ని కొమ్ములకు మెరుగు పెట్టేటప్పుడు అక్రమంగా కలిపే అలవాటు దక్షిణాసియాలో కొన్నిచోట్ల ఉన్నది. ఇందులోని సీసం నాడీమండలానికి విషం. పసిపిల్లల మెదడు ఎదుగుదలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. దీనికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బంగ్లాదేశ్‌లో ఈ అలవాటు ఎలా మొదలైందో 2019లో ప్రచురితమైన పరిశోధన వివరించింది. 1980వ దశకంలో వరదలకు తడిసి రంగు వెలిసిన పసుపును అమ్ముకోవడానికి వ్యాపారులు ఈ రంగును ఆశ్రయించారట. అనగా కోత అనంతర యాజమాన్యంలో వచ్చిన ఒక లోపం, మెరుపును బట్టి ధర కట్టే మార్కెట్‌తో కలిసి, ప్రజల రక్తంలో సీసంగా పరిణమించింది.

దీనికి విరుగుడు కూడా ఆ దేశమే చూపింది. ప్రభుత్వం, శాస్త్రవేత్తలు కలిసి వ్యాపారులకు అవగాహన కల్పించి, మార్కెట్లలో తనిఖీలు చేసి, నేరస్థులకు జరిమానాలు విధించగా, 2019లో 47 శాతం పసుపు నమూనాలలో కనిపించిన సీసం 2021 నాటికి ఏ నమూనాలోనూ కనిపించలేదు. మెరుగు పెట్టే మిల్లులలో పనిచేసేవారి రక్తంలో కూడా సీసం తగ్గింది. ఒక మసాలా దినుసు విషయంలో మెదడుకు జరిగిన మేలును ఇంత స్పష్టంగా కొలిచిన ఉదాహరణ నాకు మరొకటి కనిపించలేదు.

మన దేశమూ ఈ సమస్యకు అతీతం కాదు. భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ దేశాలలోని 23 నగరాలనుండి సేకరించిన పసుపు నమూనాలపై 2024లో ప్రచురితమైన అధ్యయనంలో 14 శాతం నమూనాలు గ్రాముకు 2 మైక్రోగ్రాములకన్నా ఎక్కువ సీసం కలిగి ఉన్నాయి. పాట్నా, కరాచీ, పెషావర్‌ల నమూనాలలో కొన్ని గ్రాముకు 1,000 మైక్రోగ్రాములు దాటాయి. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం పసుపులో గ్రాముకు 10 మైక్రోగ్రాములకు మించి సీసం ఉండరాదు. లెడ్ క్రోమేట్ అసలే ఉండరాదు. మెదడుకు మంచిదని మనం ప్రచారం చేసే పదార్థంలోనే మెదడుకు విషం కలిసే అవకాశం ఉండగా, దానిని వదిలి కుర్కుమిన్ మహిమలు చెప్పుకోవడం ఇల్లు కాలుతుంటే గోడలకు సున్నం వేయడం వంటిది.

ఒక అభ్యంతరం

కొంచెం అతిశయోక్తి వలన నష్టమేమిటి, పసుపు వాడకం పెరిగి రైతుకు ధర వస్తుంది కదా అని కొందరు సహచరులు నాతో వాదించారు. ఈ వాదనను తేలికగా తోసిపుచ్చలేము. ప్రపంచ పసుపు ఉత్పత్తిలో 70 శాతానికి పైగా మన దేశానిది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. దుగ్గిరాల, కడప, ఆర్మూరు ప్రాంతాల రైతు కుటుంబాలు ఈ పంట ధర మీద ఆధారపడి ఉన్నాయి. వారికి మంచి ధర రావాలని కోరుకోవడంలో తప్పులేదు.

కాని ప్రచారపు లాభం రైతుకు చేరుతున్నదా? కుర్కుమిన్ పేరుతో అమ్మే మాత్రల ధరకు, యార్డులో క్వింటాలు ధరకు మధ్య పోలికే లేదు. యార్డులో ఇప్పటికీ ధరను నిర్ణయించేవి ఎక్కువగా కొమ్ము పొడవు, గట్టిదనం, తేమ, మెరుపు. రైతు ఎక్కువ కుర్కుమిన్ గల రకాన్ని పండించినా, దానిని పరీక్షించి ధర కట్టేవారు లేకపోతే ప్రయోజనం శూన్యం. పైగా ఏదో ఒకనాడు పెద్ద ప్రయోగం విఫలమైనట్లు పత్రికలలో వస్తే, మన మాట విన్న రైతు తరువాత దుంపకుళ్ళు మందు గురించి మనం చెప్పినదీ నమ్మడు. విస్తరణ వ్యవస్థకు ఉన్న ఏకైక పెట్టుబడి నమ్మకం. దానిని ఒక వాక్యం కోసం ఖర్చుచేయరాదు.

మన పూర్వుల విజ్ఞానాన్ని మనమే శంకిస్తున్నామా అన్నది మరో ప్రశ్న. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఆ గెలుపు ఆవేశంతో రాలేదు. పాత గ్రంథాలు, ప్రచురిత వ్యాసాలు సాక్ష్యంగా ముందుంచడం వలన వచ్చింది. సంప్రదాయాన్ని గౌరవించడమంటే దానికి ఆధారం చూపగలగడం. లేని ఆధారాన్ని ఉన్నట్లు చెప్పడం దానికి అగౌరవమే.

మనం చేయవలసినవి

మొదటిది మాటకు సంబంధించినది. రైతు సదస్సులలో, రేడియో ప్రసంగాలలో, కరపత్రాలలో మొక్కల పదార్థాల గుణాలను చెప్పేటప్పుడు ఆధారం ఏ మెట్టుదో అదే వాక్యంలో చెప్పాలి. "కణాలపై ప్రయోగంలో", "ఎలుకలలో", "కొద్దిమంది మనుషులలో", "అనేక పెద్ద ప్రయోగాలలో" అన్న నాలుగు మాటలు చాలు. "నివారిస్తుంది", "నయం చేస్తుంది" అన్న క్రియలను నాలుగవ మెట్టు చేరిన వాటికే పరిమితం చేయాలి.

రెండవది పరిశోధనకు సంబంధించినది. కుర్కుమిన్ శాతాన్ని ప్రకటించేటప్పుడు రకం, నేల, కోత వయసు, ఉడికించిన సమయం, ఆరబెట్టిన విధానం, విశ్లేషణ పద్ధతి విధిగా నమోదుచేయాలి. వైద్య కళాశాలలతో కలిసి పనిచేసేటప్పుడు మనం అందించగల అమూల్యమైన వస్తువు పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన, ప్రతిసారీ ఒకే విధంగా ఉండే నమూనా. అటువంటి నమూనా లేకపోవడం వలననే అనేక ప్రయోగాలను ఒకదానితో ఒకటి పోల్చలేకపోతున్నాము.

మూడవది కోత అనంతర యాజమాన్యం. శుభ్రమైన కళ్ళాలు, టార్పాలిన్లు, సోలార్ డ్రయ్యర్లు, ఆవిరితో ఉడికించే యంత్రాలు గ్రామానికి అందితే వానకు తడిసి రంగు వెలిసే పసుపు తగ్గుతుంది. రంగు కలపవలసిన అవసరమూ తగ్గుతుంది. సహజమైన పసుపుకు అద్దంలాంటి మెరుపు అవసరం లేదని వినియోగదారునికి, వ్యాపారికి కూడా చెప్పాలి. ప్రధాన మార్కెట్ యార్డులలో సీసం, కుర్కుమిన్ రెండింటినీ పరీక్షించే ప్రయోగశాలలు ఏర్పాటుకు విశ్వవిద్యాలయాలు సాంకేతిక సహకారం ఇవ్వాలి.

నాలుగవది విద్యార్థులకు. మొక్కల సారాలపై స్నాతకోత్తర పరిశోధన చేసేవారు అనుకూల ఫలితం రాకపోతే నిరాశపడి దాచివేయరాదు. ఫలితం రాలేదని చెప్పే పత్రాన్ని ప్రచురించే ధైర్యం మన పత్రికలకూ ఉండాలి. వ్యాధి చికిత్సలో కుటుంబాలు ఖర్చుచేసే డబ్బు, పోగొట్టుకొనే కాలం ఆ పత్రాలవలన మిగులుతాయి.

మెదడు ఆరోగ్యం గురించి రైతులకు చెప్పవలసిన మాట లేకపోలేదు. డిమెన్షియా కేసులలో సుమారు 45 శాతం నివారించగల లేదా వాయిదా వేయగల కారణాలతో ముడిపడి ఉన్నాయని అంతర్జాతీయ వైద్య నిపుణుల సంఘం 2024లో అంచనా వేసింది. రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, పొగతాగడం, తలకు గాయాలు, గాలి కాలుష్యం, చదువు లేమి, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి. ఇవన్నీ మన గ్రామాలలో కనిపించేవే. రక్తపోటు పరీక్షించుకొమ్మని, పొగాకు మానమని చెప్పడానికి ఏ ఎలుకా అవసరం లేదు.

ఆ రైతు మళ్ళీ ఎదురైతే ఏమి చెబుతానన్నది ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుసు. "అమ్మ గోలీలు ఆపకు. బీపీ, షుగరు చూపించు. చెవులు సరిగా వినబడుతున్నాయేమో అడుగు. కూరలో పసుపు ఎప్పటిలాగే వేయి. నీవు పండించిన పసుపులో రంగు కలపనీయకు" అని చెబుతాను. ఈ మాటలలో గొప్ప ఆవిష్కరణ ఏమీ లేదు. కాని ప్రతి మాటకూ ఆధారం ఉన్నది, ప్రతి మాటకూ నేను జవాబుదారీని.